ఐలన్న నూకుడు బండి

పోతిరెడ్డిపల్లిలో ఐలన్న ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పరు. ఏ ఐలన్న అని ఎదురు అడుగుతారు. నూకుడు ఐలన్న అంటే మాత్రం నోట్లో చుట్ట తీయకుండానే దారి చూపిస్తారు. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. అతని కారు సంపాదించి పెట్టింది.

కారంటే డీజిల్ అంబాసిడర్. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, ఆ సంగతి ఐలన్న చెబితే నమ్మాలి. కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ మేనేజరు ఎక్కి ఎక్కి విసిగిపోయి అమ్మకానికి పెడితే తెచ్చుకున్నాడు. అంతకుముందు ఐలన్న రైతు. బావి మీద డీజిల్ ఇంజను ఉండేది. పొలం కంపెనీల ప్రహరీల మధ్య చిక్కుకొని, బావి నీళ్లు తాగడానికి కాదు కదా కాళ్లు కడుక్కోవడానికి కూడా పనికిరాకుండా పోయాక పొలం అమ్మాడు, దాంతోపాటు ఇంజనూ అమ్మాడు. పొలం పోయినందుకు కొన్నాళ్లు బాధపడ్డాడు. ఇంజను పోయినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాడు. పొద్దున్నే లేచి ఒకటో రెండో నట్లు విప్పి, చేతులకు ఇంత డీజిల్ పూసుకుంటే తప్ప ఆ మనిషికి ఛాయ్ రుచించదు. లోకంలో కార్లు ఎక్కి తిరగడానికి కొంటారు. ఐలన్న విప్పుకోవడానికి కొన్నాడు.

ఆ బండికి రెండు జబ్బులు. పొద్దున తాళంచెవి తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటుంది, బ్యాటరీలో ప్రాణం ఉండదు. అది మొదటిది. నూకితే స్టార్టవుతుంది గానీ నిలకడగా ఒకచోట నిలబడలేదు. అది రెండోది. కాలు ఎక్సిలేటర్ మీద ఉన్నంతసేపూ బుద్ధిగా నడుస్తుంది. కాలు తీసి, బండి ఆగి, ఇంజను తనంతట తాను నడవాల్సి వచ్చిందా, ఒకసారి గయ్యిమని లేస్తుంది, ఒకసారి గొణుగుతుంది, మళ్లీ లేస్తుంది, ఆఖరికి దగ్గి దగ్గి ఆగిపోతుంది. ఆగితే మళ్లీ నూకాలి.

అందుకని ఐలన్న కిరాయి మాట్లాడేటప్పుడే ఎంతమంది వస్తున్నారని అడిగేవాడు. కూర్చోవడానికి చోటు సరిపోతుందో లేదో అని కాదు. నూకడానికి జనం సరిపోతారో లేదో అని. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరని పెద్దలు ఊరికే అనలేదు. బండి స్టార్టయ్యాక మాత్రం ఐలన్న ఆగేవాడు కాడు, ఆగితే మొదటికొస్తుంది కాబట్టి. నూకినవాళ్లు పరిగెత్తుతూ తలుపు పట్టుకొని ఎక్కాలి. వయసులో ఉన్నవాళ్లు ఎక్కేవాళ్లు. ఒకసారి సంగారెడ్డి పెద్ద దవాఖానాకు పోవలసిన మోకాళ్ల నొప్పుల పంతులుగారు ఒక చెప్పుతో రోడ్డు మీద మిగిలిపోయారు. పాపం, దవాఖానాకు ఆయన భార్య మాత్రం చేరింది.

ఇంత జరుగుతున్నా ఐలన్నకు సిగ్గనిపించలేదు. సిగ్గు కందిలో మొదలైంది.

కందిలో అతని అక్క సత్తెమ్మ ఉంటుంది. ఆమెను అక్కడికిచ్చి పాతికేళ్లు దాటింది. అమ్మానాన్నలు పోయాక పుట్టిల్లంటే ఆమెకు మిగిలింది ఐలన్న ఒక్కడే. అయినా పోతిరెడ్డిపల్లి పేరు ఎత్తకుండా ఆమెకు ముద్ద దిగదు. పప్పు వండితే పోతిరెడ్డిపల్లి పప్పుతో పోలిక, వాన పడితే పోతిరెడ్డిపల్లి వానతో పోలిక. అత్తగారింటివాళ్లు ఈ పోలికలు పాతికేళ్లుగా విని విని ముదిరిపోయారు. అందులో ఎక్కువ ముదిరినవాడు మరిది నర్సన్న. నోటి దురుసు అతనికి పుట్టుకతో వచ్చింది. దానికి తోడు ఈ మధ్య కొత్త జీపు కూడా వచ్చింది. సీట్ల మీది ప్లాస్టిక్ కాగితాలు ఇంకా తీయలేదు. ఎక్కినవాళ్లు కదిలినప్పుడల్లా కరకరమంటుంటే అతనికి అదొక ఆనందం.

సత్తెమ్మ కొడుకు శ్రీశైలం పటాన్‌చెరులో బోల్టుల కంపెనీలో ఆపరేటరు. అతనికి ఇస్నాపూర్ పిల్ల కుదిరింది. పిల్ల ఇంటి దగ్గరే పెళ్లి. పెళ్లి పనుల గురించి మాట్లాడుకోవడానికి అందరూ కందిలో కూర్చున్నప్పుడు, పిల్లగాణ్ని నా జీపులో తీసుకుపోదామని నర్సన్న అన్నాడు. తప్పేమీ లేదు, బండి ఉన్నవాడు అంటాడు. కానీ సత్తెమ్మ ఒప్పుకోలేదు. మేనమామ బండి ఉండగా వేరే బండి ఎందుకంది. నర్సన్న నవ్వాడు. పెళ్లికొడుకు ఎక్కుతాడా, పంచె ఎగ్గట్టి నూకుతాడా వదినా అని అడిగాడు. గోడవారగా కూర్చున్న ఐలన్నతో సహా అందరూ నవ్వారు. ఐలన్న ఎందుకు నవ్వాడంటే, నలుగురు నవ్వుతుంటే తానొక్కడే ముఖం ముడుచుకోవడం బాగుండదని.

సత్తెమ్మ నవ్వలేదు.

"నర్సన్నా, ఇను. నా కొడుకు నా తమ్ముని బండ్లనే పోతడు. ఆ బండి నడుమల ఆగిందనుకో, ఇగ ఈ ఇంట్ల నా పుట్టింటి పేరు నేను ఎత్తను. సచ్చేదాక ఎత్తను."

మాట అనడం అయిపోయింది, అందరూ వినడమూ అయిపోయింది. నర్సన్న కళ్లలో దీపావళి కనిపించింది. ఐలన్న మాత్రం నవ్వు ఆపేశాడు. అక్క పందెం వేసింది తన పొలమో బంగారమో కాదు. నోరారా చెప్పుకోవడానికి ఆమెకున్న ఒకే ఒక్క పేరు. దాన్ని తీసుకెళ్లి మోకాళ్ల నొప్పుల పంతులుగారిని రోడ్డు మీద వదిలేసి పోయిన బండి చక్రాలకు కట్టింది. ఇంటికొచ్చిన రాత్రి ఐలన్న అన్నం తినలేదు. భార్య ముత్యమ్మ ఏమైందని అడిగితే అరగలేదన్నాడు. తినకుండానే అరగకపోవడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడే బండిని నూకించుకొని పటాన్‌చెరుకు పోయాడు. అక్కడ హైవే పక్కన రేకుల షెడ్డులో మెకానిక్ యాదన్న ఉంటాడు. యాదన్నకు పని ఎంత వచ్చో చెప్పడం కష్టం. మాట్లాడడం మాత్రం బాగా వచ్చు. ఏ బండి వచ్చినా మొదట బానెట్ ఎత్తి, ఇంతకుముందు దీన్ని చూసిన మెకానిక్‌ను వంశంతో సహా తిడతాడు. ఐలన్న బండిని ఇంతకుముందు చూసిన మెకానిక్ కూడా యాదన్నే. అయినా తిట్టాడు. తర్వాత స్క్రూడ్రైవరు ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకొని విన్నాడు. ఒకసారి డైనమో అన్నాడు, ఇంకోసారి పంపు అన్నాడు, మూడోసారి నాజిళ్లు అన్నాడు. అన్నీ విప్పి తుడిచి బిగించాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ తర్వాత హారన్ కూడా మోగడం మానేసింది.

చిక్కేమిటంటే, షెడ్డుకొచ్చేసరికి బండికి ఏ రోగమూ ఉండదు. పోతిరెడ్డిపల్లి నుంచి అంత దూరం నడిచి వచ్చిన బ్యాటరీకి కాస్త ఓపిక వచ్చి, తాళం తిప్పగానే స్టార్టయ్యేది. ఎక్సిలేటర్ మీది నుంచి కాలు తీసే అలవాటు ఐలన్నకు లేదు కాబట్టి రెండో జబ్బూ బయటపడేది కాదు. జ్వరమొచ్చిన మనిషికి డాక్టరు గది ముందు చెమట పట్టి తగ్గినట్టే. యాదన్న చేతులు తుడుచుకొని, బండి బంగారం అనేవాడు. మర్నాడు పొద్దున ఆ బంగారాన్ని మళ్లీ వాడకట్టంతా కలిసి నూకేది.

ఆఖరికి ఐలన్న షెడ్డులో కూలబడి అక్క మాట సంగతంతా చెప్పాడు. యాదన్న మొదటిసారిగా నోరు మూసుకొని విన్నాడు. అతనికీ నలుగురు అక్కలు. రాత్రి బండిని ఎవరూ ముట్టుకోవద్దని, పొద్దున తాను వచ్చేదాకా తాళం పెట్టొద్దని, రోగం ఇంట్లో ఉన్నప్పుడే చూస్తానని చెప్పి పంపాడు.

అన్నట్టుగానే తెల్లారేసరికి స్కూటర్ మీద వచ్చాడు. ముత్యమ్మ ఛాయ్ ఇచ్చింది. ఛాయ్ తాగి బానెట్ ఎత్తాడు. ఎంత అలవాటైనా ఇంటి ఆవిడ ఎదురుగా ఉంది కాబట్టి తిట్లు మింగాడు. బ్యాటరీ నుంచి ఒక వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య ఒక చిన్న బల్బు పెట్టాడు. బండి తాళంచెవి ఐలన్న జేబులో ఉంది. లైట్లన్నీ ఆపి ఉన్నాయి. బండిలో ఎవరూ కరెంటు వాడకపోతే బల్బు వెలగకూడదు. అది మినుకుమినుకుమంటూ వెలిగింది.

"నువ్వు పండుకున్నంక నీ బండ్ల ఎవడో కూసోని కరెంటు తింటున్నడే ఐలన్నా" అన్నాడు యాదన్న.

దొంగను పట్టడం మొదలైంది. హారన్ వైరు పీకాడు. బల్బు వెలుగుతూనే ఉంది. హెడ్‌లైట్ల వైరు పీకాడు, టేపు రికార్డరు వైరు పీకాడు, డిక్కీ లైటు తీసి పక్కన పెట్టాడు. అయినా వెలుగుతూనే ఉంది. ఇంక పీకడానికి ఏమీ మిగల్లేదని అతను స్టీరింగ్ ముందు కూర్చొని ఆలోచిస్తుంటే, ఎదురుగా డ్యాష్‌బోర్డు మూల ఏడుపాయల దుర్గమ్మ కనిపించింది. అలవాటు కొద్దీ దండం పెట్టుకున్నాడు. పెట్టుకున్న చేతులు అలాగే ఆగిపోయాయి. అమ్మవారి పటం వెనుక ఎర్రబల్బుల చక్రం ఒకటి గిర్రున తిరుగుతోంది. మల్లెపూల దండ అడ్డంగా ఉండడంతో షెడ్డు దగ్గర పట్టపగటి వెలుతురులో అది అతని కంట పడలేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ ఈశ్వరుడి పెళ్లామే.

సంగతి ఏమిటంటే, కారు కొన్న కొత్తలో ఒకసారి వానలో జారి కంది చెరువు కట్ట అంచు దాకా పోయి ఆగింది. ఐలన్నకు చిటికెన వేలు కూడా బెణకలేదు. అందుకు ముత్యమ్మ బండిలో దుర్గమ్మకు ఆరని దీపం పెడతానని మొక్కుకుంది. నూనె దీపం బండిలో కుదరదు కాబట్టి కరెంటు దీపం పెట్టించింది. తాళం తీసినా ఆరకూడదని వైరును నేరుగా బ్యాటరీకే కలిపించింది. ఆ దీపం రాత్రీ పగలూ వెలుగుతూ, ఆ చక్రం రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంది. అది ఐలన్న రోజూ చూస్తున్నదే. కానీ అదీ కరెంటుతో వెలిగేదేనని ఆయనకు ఒక్కనాడూ తట్టలేదు. అది భక్తి కదా, భక్తికి బ్యాటరీ ఎందుకు ఖర్చవుతుంది?

వైరు పీకుతానంటే ముత్యమ్మ అడ్డం నిలబడింది. మొక్కు మొక్కేనంది. పెళ్లికి ముందు అమ్మవారి దీపం ఆర్పిన ఇల్లు ఏం బాగుపడుతుందంది. ఐలన్న ఆమెను చూసిన చూపుకు అప్పుడే పిండిన పాలు విరిగేవి. ఇన్నేళ్లుగా నన్ను చూసి ఊరు నవ్వింది నీ భక్తి వల్లా అన్నాడు. ఆమె ఏడుపు మొదలుపెట్టింది. ఇద్దరి మధ్యలో యాదన్న మడత స్టూలు మీద కూర్చొని రెండో ఛాయ్ తాగాడు.

"వదినా, ఏడుపాయల గుడికే రాత్రి తలుపులేస్తరు. అమ్మకు నిద్రుండదా? నువ్వు ఒక్కదానివే ఆమెను రాత్రంత మేల్కొల్పి కూసోబెట్టినవ్. అమ్మకు కోపం రాదా మరి?"

ముత్యమ్మ ఏడుపు ఆపి ఆలోచించింది. ఈ మాట ఆమెకు ఎన్నడూ తట్టలేదు. అమ్మవారిని నిద్రపోనివ్వకుండా ఇన్నేళ్లు చేసిన అపచారం గుర్తొచ్చి లెంపలు వేసుకుంది. దీపాన్ని తాళంచెవికి కలపడానికి ఒప్పుకుంది. బండి లేస్తే అమ్మ లేస్తుంది, బండి పడుకుంటే అమ్మ పడుకుంటుంది. అపచారం సంగతి అలా తేలిపోవడంతో ఐలన్న మీసం దువ్వుకున్నాడు. తప్పంతా పెళ్లానిదే అయితే మగవాడికి ఆ రోజు అన్నం అమృతంలా ఉంటుంది.

యాదన్న వైరు కలపడానికి డ్యాష్‌బోర్డు కింద దూరాడు. ఐలన్నకు ఊరికే నిలబడడం చేతకాదు. అలవాటు ప్రకారం స్పానర్ తీసుకొని, ట్యాంకు నుంచి డీజిల్ వచ్చే పైపు నట్టు విప్పాడు. అందులోంచి కాస్త డీజిల్ కారనిచ్చి, నట్టుకు దూదిపోగు చుట్టి, మీద ఇంత సబ్బు పూసి మళ్లీ బిగిస్తున్నాడు. యాదన్న తల బయటపెట్టి చూశాడు.

"ఏం జేస్తున్నవే?"

"గాలి తీస్తున్న. రోజు పొద్దుగాల తీస్త."

యాదన్న లేచి వచ్చాడు. మెల్లగా, పాము ఉన్న చోటికి వచ్చినట్టు. ఎవరు చెప్పారని అడిగాడు. ఎవరూ చెప్పనక్కరలేదన్నాడు ఐలన్న. బావి మీది ఇంజనుకు రోజూ పొద్దున పైపు విప్పి గాలి తీయకపోతే అది నడిచేది కాదు. అదే చేయి, అదే స్పానర్, ఈ ఇంజనుకూ అంతే. నట్టు అరిగి కారుతుంటే దూది, దూది ఆగకపోతే సబ్బు. పొలంలో ఉన్నన్నాళ్లూ ఆ సబ్బు మోసం చేయలేదు. బండిని ఎంత ప్రేమగా చూసుకుంటానో చూడమన్నట్టు నిలబడ్డాడు.

యాదన్నకు ఈసారి ఇంటి ఆవిడ ఎదురుగా ఉన్న సంగతి కూడా గుర్తులేదు. తిట్టవలసినవన్నీ తిట్టాక, నువ్వు రోజూ తీస్తున్నది గాలి కాదు, నువ్వు రోజూ ఎక్కిస్తున్నది గాలి అని చెప్పాడు. విప్పి విప్పి నట్టు అరగదీశావు, ఆ సబ్బు సందుల్లోంచి ఇంజను డీజిల్‌తోపాటు గాలీ పీలుస్తోంది, ఎక్సిలేటర్ మీద కాలున్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తోంది, కాలు తీస్తే గాలికి ఊపిరాడక చస్తోంది అన్నాడు. నట్టును ఐలన్న ముక్కు ముందు పెట్టి చూపించాడు. అందులో మర గీతలు లేవు, నున్నగా ఉంగరంలా ఉంది.

ముత్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకొని లోపలికి పోయింది. ఏడుపుకు కాదు, నవ్వుకు తుడుచుకుంది. ఆమె మళ్లీ ఛాయ్ పెట్టింది గానీ ఐలన్నకు ఇవ్వలేదు.

కొత్త నట్టు, కొత్త వాషరు పడ్డాయి. బండి ఆగి ఉండగానే ఇంజను నడిచింది. లేవడం లేదు, గొణగడం లేదు. ఐలన్న కాలు తీశాడు. తలుపు తీసుకొని దిగాడు. బండిని అలా వదిలేసి వాడకట్టు చివరిదాకా నడిచి వెళ్లి, అక్కడ నిలబడి విని, వెనక్కి వచ్చాడు. ఇంజను తన మానాన తాను నడుస్తూనే ఉంది. అతనికి ఏడుపొచ్చింది. పొలం అమ్మిన రోజు రాని ఏడుపు అది. యాదన్న అది చూడనట్టు మొఖం తిప్పుకున్నాడు గానీ, స్పానర్ మాత్రం ఐలన్న చేతిలోంచి లాక్కొని తన సంచిలో వేసుకున్నాడు. పోతూ పోతూ, ఇన్నాళ్లు అమ్మవారు పీల్చేసిన బ్యాటరీ పళ్లూడిన ముసలిది, మార్చుకోమన్నాడు. పెళ్లి కానివ్వు అన్నాడు ఐలన్న. అయితే ఇంజను ఆపి ఉన్నప్పుడు టేపు ముట్టొద్దన్నాడు యాదన్న.

పెళ్లిరోజు బండి ఒక్క తిప్పుకే లేచింది. బంతిపూలు కట్టిన బండిలో శ్రీశైలాన్ని ఎక్కించుకొని, కంది నుంచి ఇస్నాపూర్‌కు లారీల మధ్య నుంచి తీసుకుపోయాడు ఐలన్న. వెనకాలే నర్సన్న జీపు. ఖాళీగా వస్తోంది. పెళ్లికొడుకును ఎక్కించుకోవలసి వస్తుందేమోనని ఎవరినీ ఎక్కించుకోలేదు మహానుభావుడు.

అసలు పరీక్ష ఇస్నాపూర్‌లో. హనుమాన్ల గుడి దగ్గర నుంచి పందిరి దాకా ఎదుర్కోళ్లు. ముందు బ్యాండు, బ్యాండు వెనుక చిందులేస్తూ ఎగిరేవాళ్లు, ఎగిరేవాళ్ల వెనుక బండి. నడిచేవాడు నాలుగు పాటల్లో పోయే దూరం. కానీ బ్యాండు అడుగు వేస్తే బండి అడుగు వేయాలి, బ్యాండు ఆగితే బండి ఆగాలి. ఇలాంటి చోట ఒకప్పుడైతే ఐలన్న బండి గుడి మలుపు కూడా దాటేది కాదు. ఆ సంగతి నర్సన్నకు తెలుసు. తన పెళ్లిలో కూడా ఎగరని మనిషి ఆ రోజు రుమాలు నోట్లో పెట్టుకొని నాగుపాములా బానెట్ ముందు నేల మీద పడి దొర్లాడు. లేవడు. బ్యాండువాళ్లకు పది రూపాయల నోట్లు చూపించి, అదే పాట మళ్లీ కొట్టమంటాడు. ఐలన్న చెమటలు కక్కుతూ స్టీరింగ్ పట్టుకొని, కాలు మాత్రం పెడల్ మీద పెట్టకుండా కూర్చున్నాడు. ఇంజను గుర్రుమంటూనే ఉంది. ఆఖరికి ఆగింది నర్సన్న నడుమే. ఇద్దరు పట్టుకొని లేపారు.

పందిరి ముందు బండి ఆగింది, ఇంజను ఆగలేదు. శ్రీశైలం దిగాడు. సత్తెమ్మ నర్సన్న వంక ఒక్క చూపు చూసి లోపలికి పోయింది. ఐలన్న గెలిచాడు. గెలిచినవాడు దిగి పందిట్లోకి పోవాలి కదా, పోలేదు. అతని బుర్రలో ఒకటే తిరుగుతోంది. తిరిగి వెళ్లేటప్పుడు కొత్త కోడలితో ఇదే బండిలో కంది పోవాలి. ఇప్పుడు ఇంజను ఆపితే, ఆ ముసలి బ్యాటరీ మళ్లీ లేపకపోతే? ఆపకుండా ఉంటే ఆ భయమే లేదు. అందుకని ఇంజను నడుస్తుండగానే స్టీరింగ్ ముందు కూర్చుండిపోయాడు. ముత్యమ్మ వచ్చి పిలిచింది, పోలేదు. లోపల జీలకర్ర బెల్లం అయింది, తాళి కట్టడం అయింది, ఒక్క గింజైనా అతని మీద పడకుండానే తలంబ్రాలు కూడా అయిపోయాయి.

తర్వాత మైకులో పిలిచారు. పెండ్లికొడుకు మేనమామ బట్టలు పెట్టాలె, రావాలె. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచినప్పుడు మైకు పట్టుకున్నవాడి గొంతులో నవ్వు వినిపించింది, నర్సన్న పక్కనే ఉన్నాడేమో.

నాలుగోసారి పిలవలేదు. సత్తెమ్మే వచ్చింది. పట్టుచీర, నుదుటి మీద కరిగిన కుంకుమ, మొహం నిండా కోపం. కారు తలుపు పట్టుకొని నిలబడింది. ఐలన్న ఇంజను ఆపితే జరిగేదంతా ఆమెకు చెప్పాడు, బ్యాటరీ గురించీ చెప్పాడు, ఆమె అన్న మాటా గుర్తుచేశాడు.

"బండి గురించి మాట నేనే అన్న, నిజమే" అంది సత్తెమ్మ. "గని ఆడ పీట మీద నేను కూసున్న, నా ముందర బట్టలు పెట్టేటోడు లేడు. ఇగ నాకు పుట్టిల్లు ఉన్నట్టా ఐలయ్యా, లేనట్టా?"

ఐలన్న తలుపు తీశాడు. ఇంజను ఆపాడు. అక్క వెనుక పందిట్లోకి నడిచి, ముత్యమ్మ చేతిలోని పళ్లెం అందుకొని, అక్కకు చీర, బావకు పంచెలు, మేనల్లుడికి బట్టలు పెట్టి బొట్టు పెట్టాడు. సత్తెమ్మ ఆ చీరను విప్పి, అందరికీ అంచు కనబడేలా భుజం మీద వేసుకొని కూర్చుంది. ఆమె మొహం చూశాక ఐలన్నకు బండి సంగతి కాసేపు మరుపొచ్చింది. కడుపునిండా తిన్నాడు కూడా.

అతను తింటున్నంతసేపూ శ్రీశైలం స్నేహితులు, బోల్టుల కంపెనీ పిల్లలు, నీడకని కారులో దూరి, ఐలన్న బండిలోనే వదిలేసిన తాళంచెవి తిప్పి, టేపులో పాటలు పెట్టుకొని, ఏసీ లేదు గానీ పాటలైనా ఉన్నాయని సీట్ల మీద కాళ్లు చాపుకున్నారు.

అప్పగింతలప్పుడు కొత్త జంటను వెనుక సీట్లో కూర్చోబెట్టారు. పిల్ల తల్లి ఏడుస్తోంది. ఐలన్న తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ చప్పుడు కూడా లేదు. పిల్ల తల్లి ఏడుపు ఆపి చూసింది. అందరూ చూశారు. నర్సన్న అప్పటికే జీపు తెచ్చి పక్కన నిలబెట్టి, తలుపు తీసి పట్టుకున్నాడు. వెనుక సీట్లో శ్రీశైలం ఒక కాలు బయట పెట్టాడు. ఐలన్న స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. అక్క మొహం చూసే ధైర్యం అతనికి లేదు.

"కాలు లోపటికి తియ్యిరా" అన్న మాట వినబడింది.

సత్తెమ్మ భుజం మీది కొత్త చీర తీసి ముత్యమ్మకిచ్చింది. కట్టుకున్న పట్టుచీర కొంగు నడుముకు చుట్టి బిగించింది. బండి వెనక్కి పోయి డిక్కీ మీద రెండు చేతులూ పెట్టింది. పెళ్లికొడుకు తల్లి బండి నూకడం ఇస్నాపూర్ ఎన్నడూ చూడలేదు. బ్యాండువాడు సన్నాయి దించాడు.

"నర్సన్నా, సూసుకుంట నిలబడ్తవా, చెయ్యి వేస్తవా?"

వదిన అడిగిందంటే మరిది కాదనలేడు, అందునా ఇంతమంది చూస్తుండగా. నర్సన్న జీపు తలుపు వదిలేసి, నడుము పట్టుకుంటూ వచ్చి చెయ్యి వేశాడు. ఇంటి మొగవాడు చెయ్యి వేశాక మిగతావాళ్లు ఊరుకుంటారా? బావ వేశాడు, బోల్టుల కంపెనీ పిల్లలు వేశారు, పంచెలు ఎగ్గట్టి ముసలాళ్లు వేశారు. పిల్ల తండ్రి కూడా, తన పిల్ల పోతున్న బండిని తానే నూకాడు. బండి కదిలింది, ఉరికింది, ఐలన్న క్లచ్ వదిలాడు, బుస్సుమని పొగ కక్కి ఇంజను లేచింది.

ఆపకు, పో అని వెనుక నుంచి కేకలు. నూకుడు ఐలన్న బండి సంగతి అందరికీ తెలిసిందే. పోవాలనే అతని కాలు కూడా అన్నది. ఇన్నేళ్లుగా పోతూనే ఉన్నాడు. అద్దంలో చూశాడు. అక్క రోడ్డు మధ్యలో నిలబడి ఆయాసపడుతోంది. కొప్పు ఊడిపోయింది, మోచేతుల దాకా మసి.

ఐలన్న బ్రేకు వేశాడు. కాలు పెడల్ మీది నుంచి తీసేశాడు. ఇంజను నడుస్తూనే ఉంది.

సత్తెమ్మ నడుచుకుంటూ వచ్చింది. తొందరపడలేదు. ముందు తలుపు తీసుకొని తమ్ముడి పక్కన కూర్చుంది. నర్సన్న కూడా రొప్పుతూ కిటికీ దాకా వచ్చాడు. ఊరుకుంటే అతను నర్సన్న ఎందుకవుతాడు, బండి ఆగితే పుట్టింటి పేరు ఎత్తనన్న మాట గుర్తుందా వదినా అని అడిగాడు.

"గుర్తుంది. పేరు ఎత్తను" అంది సత్తెమ్మ. వెనక్కి తిరిగి కొత్త కోడలిని చూసి, మళ్లీ ముందుకు తిరిగింది. "ఎత్తుడేంది, సీదా ఆడికే పోత. పోనీ ఐలయ్యా, ముందుగాల మనింటికి పోనీ."

కొత్త కోడలు మొదట అత్తగారింట్లో కుడికాలు పెట్టాలి, అది ఆచారం. కంది అడ్డరోడ్డు దగ్గర హారతి పళ్లేలు పట్టుకొని ఆడవాళ్లు ఎండలో ఎదురుచూస్తున్నారు. వాళ్ల ముందు నుంచి అంబాసిడర్ పోతిరెడ్డిపల్లి వైపు ఆగకుండా పోయింది.